గుట్ట మీది రాళ్ళు

టిరోల్ కొండల్లో వేట కాలం ముగిసింది. కిలియాన్ పొయ్యి పక్కన కూలబడి నొప్పి తగ్గాలని మోకాళ్ళకు మర్మాట్ అనే కొండ ఉడుత కొవ్వు రాసుకుంటున్నాడు.

కాళ్ళు గట్టిపడాలని వేసవంతా సంచెడు రాళ్ళు మోస్తూ ఊరి వెనక గుట్ట ఎక్కాడు. పైన వాటిని గుమ్మరించి, ఈల వేసుకుంటూ దిగేవాడు. ఆ కష్టం ఊరికే పోలేదు. వేటనాడు ఆయాసం లేకుండా శిఖరం దాకా ఎక్కి, ఒక్క గుండుతో కొండమేకను కొట్టాడు. దాన్ని భుజానికెత్తుకుని దిగబోతేనే మోకాళ్ళు మొరాయించాయి. చివరికి ఊళ్ళోకి వచ్చేటప్పుడు, కొట్టినవాడి టోపీలో గుచ్చే పచ్చి రెమ్మ కిలియాన్‌ది, మేక మాత్రం బావమరిది రూపెర్ట్ వీపు మీద.

"రెమ్మ బరువుగా ఉందా బావా? అదీ ఇటివ్వు," అన్నాడు రూపెర్ట్ అందరి ముందూ.

"వయసైపోయింది, ఇక చాల్లే. ఆ సంచి అటకెక్కించనా?" అంది ఇప్పుడు పొయ్యి దగ్గరికొచ్చిన భార్య బుర్గా.

"ముట్టుకోకు!" అని కసిరాడు.

మర్నాడు ఖాళీ సంచి తగిలించుకుని, ఉసూరుమంటూ గుట్టెక్కాడు. పైన రాళ్ళ కుప్ప నడుమెత్తు ఉంది.

"ఏ వెధవ మోసుకొచ్చాడ్రా ఇన్ని?" అని గొణుక్కుంటూ సంచి నింపుకుని, దిగడం మొదలుపెట్టాడు.