బదులు మొక్కు

ఆరు వారాలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు. నన్ను! చీకటితోనే లేచి, మడులన్నీ ఒక చుట్టు చుట్టి వచ్చాక గాని మొహం కడుక్కోని మనిషిని నేను. యాభై రెండేళ్ళలో పగటిపూట మంచమెక్కి ఎరగను. అలాంటిది పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరంలో, ఊరంతా ఉభాలకి దిగి నారు తీసి నాట్లు వేస్తుంటే, నేను వీధి అరుగు మీద నవారు మంచంలో పడి ఈగలు తోలుకుంటున్నాను. దారిన పోయే ప్రతివాడూ ఆగి "ఎలాగున్నాది జగన్నాధం?" అని అడగడం, నేను "ఉన్నాను" అని కసరడం. మా ఊరు శ్రీకూర్మానికి మైలు దూరం. గుడికి పోయే జనమంతా మా అరుగు ముందునుంచే పోవాలి. దేవుడికన్నా ముందు నా దర్శనమే అయ్యేది వాళ్ళకి.

జబ్బు దుక్కి రోజుల్లో మొదలైంది. నాగలి వెనక నడుస్తుంటే రొమ్ము పట్టేసినట్టయి, ఒళ్ళంతా చెమటలు పోసి, గట్టు మీద కూలబడ్డాను. వాయువనుకున్నాను. వాము నమిలాను, ఇంగువ మింగాను. మర్నాటికి నాలుగడుగులు వేస్తే రొప్పు. మా కంబారి అసిరయ్య నా మాట వినకుండా బండి కట్టి నన్నూ, నా భార్య తాయారునీ శ్రీకాకుళంలో నారాయణమూర్తి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. వాడు మా పొలం పనులు చూడబట్టి ఇరవై ఏళ్ళయింది, నా తిట్లు వాడికి లెక్కలేదు.

డాక్టరు చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, గొట్టం పెట్టి విన్నాడు.

"నాయుడుగారూ, మీది వాయువు కాదు. గుండె. మీ పొలంలో ఏతం ఉందా?"

"ఉన్నాది."

"మీ గుండె కూడా ఏతమే అనుకోండి. రక్తపు పోటు ఎక్కువై, ఏళ్ళ తరబడి బరువు లాగి లాగి అలిసిపోయింది. మీరు ఉప్పు తిన్నకొద్దీ ఒంట్లో నీరు నిలబడిపోతుంది. ఆ నీరు కూడా ఆ అలిసిన గుండే తోడాలి. తోడలేనప్పుడు కాళ్ళు వాస్తాయి, ఊపిరి అందదు. ఇంకా ముదిరితే నేను చెయ్యగలిగిందేమీ ఉండదు."

తర్వాత ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పాడు. ఉప్పు మానాలి. ఎండుచేప, ఆవకాయ, అప్పడం అన్నీ ఉప్పు కిందే లెక్క. నెయ్యీ వనస్పతీ తగ్గించాలి, ఆ కొవ్వు నెత్తురు పారే నాళాల్లో పేరుకుంటుంది. రాగులతో కాచిన చోడంబలి, ఉలవలు, తోటకూర, పచ్చిచేప పులుసు మంచివి. ఆయన ఇచ్చే మాత్రలు ఒంట్లో నీరు లాగేస్తాయట, దాంతోపాటు గుండెకి కావలసిన పొటాషియం అనేది కూడా పోతుందట, అందుకని రోజూ అరటిపండు, కొబ్బరినీళ్ళు. నేను సగం వినలేదు. ఎండుచేప దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

తాయారు మాత్రం గుమ్మం పట్టుకుని ఒక్క మాట పోకుండా విన్నది.

"ఉప్పు మానితే బతుకుతాడా బాబూ?" అని అడిగింది.

"మానితేనే బతుకుతాడమ్మా."

ఆ రాత్రే ఉప్పు లేని పులుసు వచ్చింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేశాను. రెండో రోజు పప్పు. గడ్డి నమిలినట్టుంది. నేను ఉట్టి చద్దన్నంలో కూడా గుప్పెడు నౌపడ ఉప్పు వేసుకుని ఉల్లిపాయ కొరుక్కునే మనిషిని. ఆ పళ్ళెం వాకిట్లోకి విసిరేశాను. కోళ్ళు కూడా ఒకసారి పొడిచి వెళ్ళిపోయాయి.

"సూసినావా? కోళ్ళే తిన్నేదు. నన్ను తినమంతావేటి?"

"మావా, డాకటేరు సెప్పింది ఇన్నావు కాదా. నా మాట కోసం రెండు ముద్దలు తిను."

"తింతే ఉప్పుతో తింతాను. నేకపోతే ఇలాగే పోతాను. పోనీ."

తాయారు నా మేనకోడలే. పధ్నాలుగో ఏట మా ఇంటికి వచ్చింది. నా కోపం ఆవిడకి కొత్త కాదు గాని ఈసారి నిజంగానే రెండు రోజులు పట్టిన పట్టు విడవలేదు నేను. కొబ్బరినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. అవతల దొడ్లో ఆవిడ ఏడుస్తున్నట్టు వినబడుతూనే ఉంది. విన్నాను, కళ్ళు మూసుకున్నాను. అంత మొండి వెధవని.

ఆదివారం తెల్లారి అసిరయ్య బండి కట్టాడు. తాయారు అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. సోమవారం అన్నంలో పులుసు కలుపుకుని నోట్లో పెట్టుకుంటే, ప్రాణం లేచొచ్చింది. ఉప్పు! చాటుగా ఆవిడ మొహం చూశాను. ఏమీ ఎరగనట్టు విసనకర్ర ఊపుతోంది. నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. మంగళవారం ఒక ఎండుచేప ముక్క కూడా పళ్ళెం అంచున కనబడింది. నా బాధ చూడలేక నా పెళ్ళాం డాక్టరు మాట పక్కన పెట్టిందనుకున్నాను. లోపల మురిసిపోయాను కూడా.

కడుపు నిండింది గాని మనసు కుదుటపడలేదు. మంచంలో ఇటు దొర్లితే గట్టు తెగిందేమోనని, అటు దొర్లితే నారు ముదిరిపోతోందని. పొలం పని కూడా తాయారే చూసుకుంటోంది. పొద్దున్నే నాకు అంబలి తాగించి, కొంగు నడుముకి చుట్టి వెళ్ళేది. నా తలపాగా గుడ్డే తలకి చుట్టుకునేది. సాయంత్రం వచ్చాక నేను వంద ప్రశ్నలు వేసేవాణ్ణి. ఏ మడిలో నీరెంత ఉంది, ఎంతమంది వచ్చారు, మూల మడికి ఏ నారు వేశారు. ఓపిగ్గా చెప్పేది. ఆవిడ మొహం పీక్కుపోతున్నట్టు కనబడింది. ఎండ దెబ్బ అనుకున్నాను. నేను తిన్నాకే వంటింట్లో ఒక్కర్తీ తినేది కాబట్టి ఆవిడ ఏం తింటోందో నేను ఎప్పుడూ చూడలేదు. మా ఇళ్ళల్లో ఏ మగాడు చూశాడు గనక!

పదిహేను రోజులయ్యేసరికి నా చెప్పులు పాదాలకి పట్టడం మానేశాయి. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, దిండు మీద దిండు వేసుకుని కూర్చునే నిద్ర.

డాక్టరు శ్రీకూర్మంలో ఒక రోగిని చూడ్డానికి మోటారు సైకిలు మీద వస్తూ మా ఇంటి ముందు ఆగాడు. నా చీలమండ మీద బొటనవేలితో నొక్కాడు. గుంట పడింది. అది పూడుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆయన మొహం మారిపోయింది.

"ఉప్పు తింటున్నారా?"

నేను నోరు తెరిచేలోపల తాయారు అంది, "నేదు బాబూ. ఉప్పు మానేసి పద్దెనిమిది రోజులయినాది. సూరినారాయణుడి సాచ్చిగా."

రెప్ప కూడా వెయ్యలేదు. నేను బిత్తరపోయాను. దేవుడి మీద ఒట్టు వేసి ఇంత నిబ్బరంగా అబద్ధమాడుతుందా తాయారు? నాకోసమే కదా అనుకుని నోరు మూసుకున్నాను. అప్పటికి అరగంట క్రితం తిన్న ఎండుచేప వాసన నా వేళ్ళకి ఇంకా ఉంది. చేతులు దుప్పట్లోకి దూర్చాను.

డాక్టరు తల పంకించి మాత్ర పెంచాడు. "ఉప్పు లేకుండానే ఇంత వాపు వస్తే నాకు భయంగా ఉంది. పది రోజుల్లో మళ్ళీ వస్తాను. తగ్గకపోతే విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడిదాకా ప్రయాణం తట్టుకుంటారో లేదో కూడా చెప్పలేను."

ఆయన వెళ్ళాక తాయారు స్తంభానికి ఆనుకుని చాలాసేపు కూర్చుంది. "నాను ఎక్కడ తప్పు సేసినానో," అని గొణుక్కుంది. నాకు అర్థం కాలేదు. చావు భయం మొదటిసారి నిజంగా పట్టుకుంది నన్ను. పట్టుకున్నా, మర్నాడు పళ్ళెం వస్తే తిన్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు.

పదో రోజు, మూల మడిలో చివరి నాట్లు. వాన వెలిసి ఉక్క పోస్తోంది. పొద్దు నడినెత్తికొచ్చేసరికి అసిరయ్య పరిగెత్తుకుంటూ వచ్చాడు. వాడి కాళ్ళ నిండా బురద.

"బాబూ! అమ్మగోరు గట్టు మీద పడిపోనారు. పిలిస్తే పలకడం నేదు. నారు బండి మీద ఏసి తెస్తన్నారు."

మంచం దిగాను. చెప్పులు పట్టలేదు, వదిలేసి నడిచాను. అసిరయ్య చెయ్యి పట్టుకోబోతే తోసేశాను. రెండు వందల అడుగులు కూడా వెయ్యలేదు, రొప్పు పొంగి వచ్చింది. దారి పక్క తాటిమొద్దు మీద కూలబడ్డాను. ఎదురుగా బండి వస్తోంది. దాని మీద మిగిలిన నారు కట్టల మధ్య తాయారు, తలకి నా తలపాగా గుడ్డ. నేను చచ్చిపోతానని భయపడ్డానే గాని, ఆవిడ పోతుందని ఒక్కనాడు కూడా అనుకోలేదు. అసిరయ్య నన్ను కూడా ఎత్తి ఆ నారు మీదే కూర్చోబెట్టాడు. మొగుడూ పెళ్ళాం ఒకే బండి మీద ఇంటికొచ్చాం.

అదృష్టం, ఆ రోజు డాక్టరు వస్తానన్న రోజు. మేము చేరేసరికి ఆయన అరుగు మీద ఉన్నాడు. నన్ను కాదని ముందు ఆవిడ నాడి చూశాడు, నాలుక చూశాడు.

"ఈవిడ ఒంట్లో ఉప్పు లేదు. ఇన్నాళ్ళూ చెమటలో పోయిందే గాని మళ్ళీ లోపలికి చేరలేదు. ఏం తింటోందీవిడ?"

అసిరయ్య తలగుడ్డ చేతుల్లో నలుపుకుంటూ అన్నాడు. "అమ్మగోరు అరసవల్లిలో మొక్కుకున్నారు బాబూ. నలభై రోజులు ఉప్పు ముట్టనని. నాయుడుబాబు మాననేకపోతన్నారని, ఆ బాబు బదులు తాను మానతానని. ఎవులికీ సెప్పొద్దన్నారు."

డాక్టరు నా కాళ్ళ వంక చూశాడు. నేను తల దించుకున్నాను. ఇప్పుడు ఆయనకీ అర్థమైంది, నాకూ అర్థమైంది.

"జబ్బు ఆయనకి, పథ్యం ఈవిడకీనా?" అన్నాడు ఆయన, కోపమో నవ్వో తెలియని గొంతుతో.

నవ్వేదేముంది? మా వైపు ఒకరి బదులు ఒకరు మొక్కు తీర్చడం మామూలే. మా నాన్నకి కాలు విరిగితే ఆయన బదులు మా అమ్మ తలనీలాలిచ్చింది. నాకు జ్వరమొస్తే నా బదులు మా తమ్ముడు శ్రీకూర్మంలో పొర్లుదండాలు పెట్టాడు. అన్నీ చెల్లాయి. ఇది మాత్రం ఎందుకు చెల్లదని తాయారు అనుకుంటుంది? ఆవిడ అబద్ధం ఆడలేదు. ఉప్పు మానేసి పద్దెనిమిది రోజులయిందనే చెప్పింది. అబద్ధం నాది, నోరు మూసుకుని కూర్చున్న నాది.

తాయారు కళ్ళు తెరిచింది. డాక్టరు ఉప్పు కలిపిన మజ్జిగ ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. వాసన చూసి మూతి తిప్పేసింది.

"ఒద్దు బాబూ. ఇంకా పన్నెండు రోజులున్నాది. ఇడిస్తే మావ గుండెకి..."

"తాగకపోతే నువ్వే పోతావమ్మా," అన్నాడు డాక్టరు.

"పోతే పోతాను."

పట్టు నా దగ్గరే నేర్చుకుంది కాబోలు. డాక్టరు గ్లాసు నా చేతిలో పెట్టి పక్కకి జరిగాడు. నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. రొప్పు తగ్గలేదు, మాట కూడబలుక్కోవలసి వచ్చింది.

"ఒసే తాయారూ. ఆ మొక్కు ఎవులిది?"

"నాదే."

"ఎవులి బదులు?"

"నీ బదులు."

"నా బదులంతే అది నాదే కాదేటి. నాది నాకిచ్చెయ్. మిగతా పన్నెండు రోజులూ నాను తీరుస్తాను."

నా మొహంలోకి చూసింది. "నువ్వా? పళ్ళెం ఇసిరేస్తావు."

"ఇసరను."

"దొంగతనంగా తింతావు."

"తినను."

"ఒట్టెయ్."

"ఏ దేవుడి మీద ఎయ్యమంతావు, సెప్పు."

"దేవుడెందుకు. నా మీదెయ్."

ఆవిడ తల మీద, తడి తలపాగా మీద చెయ్యి పెట్టాను. ఇరవై ఎనిమిది రోజులు తను చప్పిడి తిని నాకు ఉప్పు పెట్టిన మనిషి. నాకు ఏడుపొచ్చేసింది, డాక్టరు ముందు, అసిరయ్య ముందు. తాయారు గ్లాసు అందుకుంది. నా మీంచి చూపు తిప్పకుండా, గుటక గుటకకీ ఆగుతూ మొత్తం తాగింది.

ఆ పన్నెండు రోజులూ నరకమే, అబద్ధమెందుకు. మొదటి నాలుగు రోజులు నాలుక ఎదురు తిరిగింది. ఉప్పు జాడీ వంటింట్లో ఏ మూల ఉందో మంచంలోంచే చెప్పగలిగేవాణ్ణి. తాయారు లేచి తిరగ్గానే పట్టుదలగా వండింది. ఉలవచారులో వెల్లుల్లి దంచి వేసి, నిమ్మకాయ పిండింది. తోటకూరలో చింతపండు, పచ్చిమిరప. పచ్చిచేపకి మిరియం. చోడంబలిలో ఉల్లి ముక్కలు. ఐదో రోజుకి నిమ్మకాయ పులుపులో ఏదో రుచి తగిలింది. పదో రోజుకి తోటకూరకి తనదంటూ ఒక రుచి ఉందని ఈ వయసులో తెలిసింది. డాక్టరు చీలమండ నొక్కితే గుంట పడలేదు. చెప్పుల్లో పాదాలు పట్టాయి.

నలభై రోజులూ నిండిన మర్నాడు తాయారు రెండు పళ్ళాలు తెచ్చింది. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి నా ఎదురుగా కూర్చుని తనకీ వడ్డించుకుంది. మధ్యలో ఉప్పు గిన్నె పెట్టింది.

"మొక్కు తీరిపోనాది మావా. సిటికెడు ఎయ్యమంతావా?"

నోట్లో నీళ్ళూరాయి. గిన్నెలో రాళ్ళ ఉప్పు తెల్లగా మెరుస్తోంది. ఆవిడ మొహంలోకి చూశాను. అడిగితే వేసేస్తుంది, మళ్ళీ అరసవల్లి బండెక్కుతుంది.

గిన్నె తీసి ఆవిడ పళ్ళెం పక్కకి జరిపాను.

"నువ్వు ఏసుకో," అన్నాను.