మూడో చేప

తమ్ముడికి ఆరంభశూరత్వం చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బే. గిటారు తెచ్చాడు, అది అటక మీద పడుంది. వ్యాయామం చేస్తానని సైకిలు తెచ్చాడు, దాని మీద తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఆ తర్వాత ముందుగదిలో రెండడుగుల గాజుతొట్టె పెట్టి, ఒంటి నిండా నల్లచారలున్న సిచ్లిడ్ చేపల్ని జంటగా తెచ్చాడు. వాటి చేత గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచుతానన్నాడు. నెల తిరక్కుండానే తొట్టెలో నీళ్ళు మార్చే పని అక్క మీద పడింది.

అక్క ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. తడి దుప్పట్లను వేడి రోలర్ల కిందికి తొయ్యడం, అవతలి నుంచి వచ్చినవాటిని మడతపెట్టడం, పొద్దస్తమానం అదే పని. ఇంటికొచ్చేసరికి నడుము వంగితే లేవనని మొరాయిస్తుంది. అప్పుడు బకెట్లు మొయ్యాలి. మొయ్యమని ఎవరూ అనరు. మొయ్యకపోతే మాత్రం నీళ్ళు కంపు కొడుతున్నాయని మరదలు ముక్కు మూసుకుంటుంది, అక్కకి చెప్పానే అని తమ్ముడంటాడు. పెళ్ళి చేసుకోని మనిషిని ఇంటిపనులు వెతుక్కుంటూ వస్తాయి కాబోలు.

జంటని పేరే గాని, మొదట్లో ఆ రెండు చేపలకీ ఉప్పూ నిప్పూ. మగది పెద్దది. పొట్ట మీద నారింజ రంగున్న ఆడదాన్ని తొట్టెంతా తరిమి రెక్కలు చీల్చేసేది. అక్క మధ్యలో గాజుపలక అడ్డం పెట్టి చూసింది. కొన్నాళ్ళు ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటే సఖ్యత కుదురుతుందేమోననుకుంది. పలక తీసిన పూటే మళ్ళీ యుద్ధం. చివరికి చేపల కొట్టతన్ని అడిగింది. అతను ఇంకెవరికో చేపలు వలతో తీస్తూనే, మూడో చేపను వెయ్యమన్నాడు. చిన్న తొట్టెలో రెండే ఉంటే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయట. కలిసి తరమడానికి ఇంకోటి దొరికితే ఆ రెండూ ఒకటైపోతాయట.

అలాగే అయింది. బూడిదరంగు చేప ఒకటి వచ్చి పడగానే ఉప్పూ నిప్పూ కాస్తా చిలకాగోరింకలయ్యాయి. తొట్టె అడుగున ఉన్న మట్టికుండీలోని గులకరాళ్ళను రెండూ కలిసి నోటితో ఎత్తి బయటపోశాయి. ఆడది కుండీ లోపలి గోడకు గుడ్లు పెట్టి రెక్కలతో విసురుతూ కూర్చుంది, మగది కాపలా కాసింది. కాపలా అంటే మరేం లేదు, బూడిదదాన్ని పొడవడమే. అది ఫిల్టరు గొట్టం వెనక, నీళ్ళ పైఅంచున, తల ఎత్తుకుని నిలువునా నక్కి ఉండేది. దాని తోక సగం పోయింది. మేత వేసినా రావడానికి జంకేది. దాని వాటా అక్క ఆ మూలలోనే వేలితో జారవిడిచేది.

అక్కకి అప్పట్లో ఒకే ఒక్క ఆశ ఉండేది. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ తన గదిలో ఇంకొకరికి చోటుందని, వచ్చేట్టయితే ఆదివారానికల్లా రమ్మని చెప్పింది. కిటికీ ఉన్న గది. ఇక్కడ అక్క పడుకునేది తొట్టె పక్కన మడతమంచం మీద, టీవీ కట్టేశాక. వెళ్ళాలని ప్రాణం కొట్టుకుంటోంది. వెళ్తే ఈ కాపురం ఏమైపోతుందోనని భయం. ఒకసారి వారం పాటు పిన్ని ఇంటికి వెళ్తే, మొగుడూ పెళ్ళాలు గిన్నెలు విసురుకునేదాకా వచ్చారు. తమ్ముడే వచ్చి, నువ్వు లేకపోతే మేం కొట్టుకు చస్తామక్కా అని వెంటబెట్టుకు పోయాడు. ఆ మాటను అక్క బంగారంలా దాచుకుంది. ఆ ఇంటికి తను తలలో నాలుకననుకుంది. అలసిపోయిన మనిషికి అలాంటి మాట ఒక్కటి చాలు, ఏళ్ళ తరబడి బకెట్లు మోసేస్తుంది.

ఆ శుక్రవారం రోలరు చెడిపోయి అందర్నీ పెందలాడే పంపించేశారు. ఇంటి తలుపు తీసే ఉంది. వంటింట్లోంచి నవ్వులు వినిపిస్తుంటే అక్క చెప్పులు విప్పుతూ ఆగిపోయింది. గిన్నెలు తుడిచే గుడ్డను కూడా ఆసుపత్రి దుప్పటిలా అంచుకు అంచు కలిపి మడతపెట్టే అక్క తీరును మరదలు చేసి చూపిస్తోంది. అక్క నిట్టూర్పుతో సహా. తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వీ నవ్వీ మరదలి గొంతు మెత్తబడింది. ఇంకొంచెం వడ్డించుకోండి, పొద్దుట్నుంచీ ఏమీ తిన్లేదు అంది. నువ్వూ కూర్చో అన్నాడు తమ్ముడు. వాళ్ళిద్దరూ అంత ప్రేమగా మాట్లాడుకోవడం అక్క ఎన్నడూ వినలేదు. ఎలా వింటుంది, తను ఇంట్లో లేనప్పటి మాటలాయె.

చప్పుడు చెయ్యకుండా వచ్చి మడతమంచం మీద కూర్చుంది. ఎదురుగా తొట్టె. గుడ్లు పిల్లలై, ఆవగింజల్లా గుంపుగా ఈదుతున్నాయి. వాటికి చెరోపక్కా తల్లీ తండ్రీ. గొట్టం వెనక బూడిదది. అక్క దాన్నే చూస్తూ ఉండిపోయింది. కోపం రావలసింది, రాలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి. సిగ్గు మాత్రం వేసింది. ఇన్నేళ్ళూ వీళ్ళని తనే కలిపి ఉంచుతున్నానని మురిసిపోయింది. కలిపి ఉంచిన మాట నిజమే, ఎలాగన్నదే ఎప్పుడూ ఆలోచించలేదు.

లేచి, తొట్టె నీళ్ళే బకెట్లోకి తోడి, బూడిదదాన్ని వలతో తీసి అందులో వదిలింది. అది వలను తప్పించుకోవాలని కూడా చూడలేదు.

మర్నాడు సాయంత్రానికి మగది ఆడదాని వెంట పడింది. పిల్లలు చెల్లాచెదురయ్యాయి. టీవీ చూస్తున్న తమ్ముడు కంగారుగా లేచాడు.

"అక్కా, ఆ మూడోదాన్ని మళ్ళీ వేసెయ్. ఇది ఆడదాన్ని చంపేసేలా ఉంది."

"వేస్తే దాన్ని చంపుతాయిరా."

"దానికలవాటైపోయిందిలే."

చెడ్డ మనసుతో అన్న మాట కాదు. అందుకే అక్కకి మరీ గుచ్చుకుంది.

"గాజుపలక మంచం కింద ఉంది, అడ్డం పెట్టుకో," అంది. "ఇకనుంచి నీళ్ళు కూడా నువ్వే మార్చుకో. నేను రేపు వేరే గదికి వెళ్ళిపోతున్నా."

తమ్ముడు ముందు నవ్వాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత పాత మాటే అన్నాడు, నువ్వెళ్తే మేం కొట్టుకు చస్తామని. ఈసారి అందులో అక్కకి బంగారమేమీ కనిపించలేదు.

ఆదివారం సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక సంచి, ఒక బకెట్, అంతే. తనతో ఒక చేప కూడా వస్తుందని ఇస్త్రీ ఆవిడకు ముందే చెప్పింది. తమ్ముడు అలిగి బయటికి పోయాడు. మరదలు గుమ్మంలో నిలబడింది. మొన్న మీరు ఇంట్లోనే ఉన్నారా అని అడిగింది, గడప దగ్గర చెప్పులు చూశానంది. అక్క ఔనంది. తప్పయిపోయిందంటుంది కాబోలు, పర్వాలేదులే అందామనుకుంది. మరదలు ఆ మాట అనలేదు.

"మీరు లేకపోతే మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలి వదినా?"

అందులో వెటకారం లేదు. నిజంగానే తెలియక, భయపడి అడిగింది. అక్కకి ఉండిపోతాలే అన్న మాట నోటిదాకా వచ్చింది. జాలి వేసిందంటే వేసింది మరి, ఆ పిల్ల మీద.

"నా గురించిన మాటలు ఇంకో నాలుగు రోజులు వస్తాయమ్మా," అంది. "అవి అయిపోయాక మీ గురించి మాట్లాడుకోండి."

సంచి భుజాన వేసుకుని బకెట్ ఎత్తింది. మరదలు గుమ్మంలోంచి పక్కకు జరిగింది.