ఒకే బకెట్

మా ఆయన దశరథ్ బొల్లారంలో మందుల కంపెనీలో పని చేస్తాడు. ఎంత ఉతికినా ఆయన బట్టల్లోంచి మందుల ఘాటు వాసన పోదు. పోయిన నెల కోపంలో నేను ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను. అప్పటి నుంచి ఆయన అరుగు మీద ఒక్కడే కూర్చుని తింటున్నాడు.

తొమ్మిదో తరగతి చదివే మా భవాని సంగతి నిన్ననే దాని తరగతిలో చదివే పక్కింటి మహిత చెప్పింది. "భవాని బెంచి కాడికొస్తే అందరు ముక్కు మూసుకుంటరు చిన్నమ్మా. 'కంపెనీ బస్సొచ్చింది, జరుగుండ్రి' అంటరు."

తప్పు నాదే. తండ్రీకూతుళ్ల యూనిఫాంలు ఒకే బకెట్‌లో నానబెడుతున్నాను. పొద్దున రెండో బకెట్ తీయబోతే భవాని నా చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నాయిన సూస్తడు."

"సూస్తే ఏందే? నిన్ను గంతగనం ఏడిపిస్తున్నరు గదా!"

"నన్ను బడిలనే అంటరు. ఇంటికొస్తే అయిపోతది. నాయినను మనం ఇంట్లనే అంటిమి గదా."

వీరభద్రస్వామి గర్భగుడి ముందు కూడా నా ఒళ్లు అట్లా పులకరించలేదు. పద్నాలుగేళ్ల పిల్లకు ఇంత మనసు ఎట్లా ఇచ్చావు స్వామీ? నాకెందుకు ఇవ్వలేదు?

రెండో బకెట్ మళ్లీ లోపల పెట్టేశాను. రేపు బడికి వెళ్లి టీచరమ్మతో మాట్లాడతాను. ఈ సాయంత్రం మాత్రం నా పళ్లెం తీసుకుని అరుగు మీదికి వెళ్లాను.

"ఏందే, గిట్లొచ్చినవ్?" అన్నాడాయన.

"జెర జరుగు" అని పక్కనే కూర్చున్నాను.