నల్ల తొడుగు

పసిపిల్లల ఐసీయూ బయట మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కుంటున్నాను. పక్కన సీసాలో పంపుతో తీసిన పాలు, అడుగున రెండు చెంచాలు. అరగంట తంటాలు పడితే అంతే. "నీకెలాగూ రావట్లేదుగా, ఆ సిరంజిలోవే నయం" అన్నారు పొద్దున మా ఆయన. అవి పాలు కావు, నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రవం అని ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కదు.

పాప ఎనిమిదో నెల నిండకుండానే పుట్టింది. దానికీ కారణం నేనేనని అత్తయ్య తేల్చేశారు. "ఆఫీసు ఆఫీసని పరుగులు పెడితే ఇంకేమవుతుంది?" కామెర్లు తగ్గాలని పాపను కళ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఆ వెలుతురు పాపకు మంచిదే, కొవ్వుకే పడదట. అందుకే సిరంజికి, గొట్టానికి నల్ల తొడుగు వేసి, "ముట్టుకున్నవాళ్లను మళ్లీ లోపలికి రానివ్వం" అని నర్సమ్మ మా ఇద్దరికీ మరీ మరీ చెప్పింది.

లోపలికి వెళ్లేసరికి తొడుగు స్టూలు మీద పడి ఉంది. ఎంతసేపైంది? చెడిపోయిందే ఎక్కుతోందా? పాప పొట్ట అలా ఎగసిపడుతోందేం, రోజూ అంతేనా?

"అమ్మ వీడియోలో చూపించమంది. పాలు ఎక్కుతున్నాయంటే నమ్మట్లేదు" అన్నారాయన, ఫోను జేబులో పెట్టుకుంటూ. "మళ్లీ తొడిగేద్దాంలే, ఎవరూ చూళ్లేదు."

"నర్సమ్మకి చెప్పాలి."

"అయితే నువ్వే తీశావని చెప్పు. తల్లివి, నిన్నేమీ అనరు."

ఆయన తాళంచెవులు పారేసుకున్నా, చుట్టాల పెళ్లికి ఆలస్యం చేసినా, అత్తయ్య ముందు "తప్పు నాదే" అనేసి గొడవ తప్పించుకునేదాన్ని. ఇప్పుడూ అలవాటుగా నోటిదాకా అదే మాట వచ్చింది. కానీ నన్ను బయట నిలబెడితే పాప చెయ్యి ఎవరు పట్టుకుంటారు? నర్సమ్మను పిలిచాను.

"తొడుగు ఆయన తీశారు. ఎంతసేపైందో నాకు తెలీదు."

ఆమె వెంటనే ద్రవం ఎక్కించడం ఆపి, డాక్టరుకు ఫోన్ చేసి, సిరంజి, గొట్టం రెండూ మార్చేసింది. "చెప్పడం మంచిదైంది. రేపు రక్తపరీక్షలో చూద్దాం" అంది నాతో. ఆయనకు తలుపు చూపించింది.

"పరాయివాళ్ల ముందు నా పరువు తీశావు" అన్నారాయన గుమ్మంలో ఆగి. "లోపలికెందుకు రానివ్వట్లేదని అమ్మ అడిగితే ఏం చెప్పను?"

"తప్పు నాదేనమ్మా అని చెప్పండి. పెద్ద కష్టమేం కాదు, ఏడేళ్లుగా నేను అంటూనే ఉన్నాగా."