మామిడితోపు నీళ్ళు

చిత్తూరుకు కలరా వచ్చిన ఆ ఎండాకాలం పరంధామయ్య హోటల్లో గిరాకీ పడిపోయింది గాని పొయ్యి ఆరలేదు. ఊరి చివర కలరా షెడ్డులో పనిచేసే నర్సులకూ ఆయాలకూ రోజూ ఇరవై భోజనాలు ఊరకే పంపేవాడు. మొదట్లో ఇంకో రెండు హోటళ్ళవాళ్ళు కూడా పంపారు. వారం తిరిగేసరికి వాళ్ళ ధర్మబుద్ధికే కలరా తగిలింది.

ఈయన మానుకోకపోవడానికి కారణముంది. ఆయన భార్య పంకజాక్షి అందరికంటే ముందు ఆ షెడ్డులో పడింది. నాడి అందని మనిషికి సీసా మీద సీసా సెలైన్ ఎక్కించి, పక్క వదలకుండా కూర్చుని బతికించింది నర్సు సంతోషమ్మ. ఆ పిల్ల కడుపునిండా తినాలి, పడిపోకుండా నిలబడాలి. పరంధామయ్యకు ఉన్న కోరికల్లా అదొక్కటే.

మొదటిరోజు గేటు దగ్గర ఆ పిల్ల ఒకే మాట అడిగింది.

"నీళ్ళలో బ్లీచింగ్ పౌడరు కలిపినారా నాయనా?"

"కలిపినామమ్మా. మునిసిపాలిటీ వాళ్ళే వచ్చి బాయిలో పోసినారు."

అప్పటికది నిజమే. ఆమె మళ్ళీ అడగలేదు.

అన్నం, సాంబారు ఉడుకుతాయి కాబట్టి బాధ లేదు. మజ్జిగతోనే వచ్చింది తంటా. ఒకరోజు రుచి చూద్దామని గుక్కెడు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. ఒకటే బ్లీచింగ్ కంపు! ప్రాణాలకు తెగించి చాకిరీ చేసే బిడ్డలకు ఇదా నేను పోసేది అని సిగ్గుతో చచ్చిపోయాడు. వెంటనే బండి కట్టించి, రెండు మైళ్ళ దూరాన మామిడితోపు బావినుంచి డ్రమ్ము నిండా నీళ్ళు తెచ్చాడు. చిన్నప్పటినుంచీ ఎరిగిన తియ్యటి నీళ్ళు. పౌడరువాళ్ళు ఇంకా అటు పోలేదు. ఆ నీళ్ళతో, అల్లం, కరివేపాకు దంచి వేసి కడవ నిండా మజ్జిగ చేశాడు. మంచితనం అంత శ్రద్ధగా తప్పు చేయడం నేనింకెక్కడా చూడలేదు.

"నిన్నటి మజ్జిగ అమృతం నాయనా, రెండు చెంబులు తాగినాను," అంది సంతోషమ్మ మర్నాడు గేటు దగ్గర. ఆయన ఇంటిదాకా నవ్వుకుంటూ నడిచాడు.

నాలుగోరోజు షెడ్డులో పనిచేసేవాళ్ళే ఆరుగురు మంచాన పడ్డారు. వాళ్ళలో సంతోషమ్మ ఒకతె. డాక్టరు నేరుగా హోటలుకు వచ్చి నీళ్ళు ఎక్కడివని అడిగాడు. చెబుతూ చెబుతూనే పరంధామయ్యకు అర్థమైంది. డాక్టరు తిట్టనైనా తిట్టలేదు.

"ఈ మాట యాడా అనొద్దు. తెలిస్తే రేపట్నుంచి నీ అన్నం ఎవురూ ముట్టరు. పెట్టేవాడు ఇంకొకడు లేడు," అన్నాడు.

అయిదుగురు తేరుకున్నారు. సంతోషమ్మ పోయింది.

మూడోనాడు ఆమె తల్లి గురవమ్మ హోటలు గడప బయట నిలబడింది. కూలిపని చేసుకునే మనిషి, ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. రెండు చేతులూ జోడించింది.

"నా బిడ్డకు కడదాకా అన్నం పెట్టినారంట సామీ. మీ కడుపు సల్లగుండ."

డాక్టరు మాట గుర్తుంది. అయినా ఆ దండం తీసుకోవడం పరంధామయ్య వల్ల కాలేదు. మెట్టు దిగి ఆమె ముందు కూలబడ్డాడు. మజ్జిగ సంగతి, బావి సంగతి, అంతా చెప్పేశాడు.

గురవమ్మ అరవలేదు. ఒక్క మాట అడిగింది.

"వాసనొస్తాదనా సామీ?"

"వాసనొస్తాదనే తల్లీ. ఇంకేమీ లేదు."

"మేము నెల దినాలుగా ఆ వాసన నీళ్ళే తాగతా ఉండాము," అంది. "నా బిడ్డే పౌడరు తెచ్చి కడవలో కలిపేది. తాగలేనంటే నన్ను కసిరేది."

జోడించిన చేతులు దించేసి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది.