వెచ్చగా ఉన్న రాళ్ళు

పొద్దున్నే ఇంటిపని ముగించుకుని తోటికోడళ్ళిద్దరూ వాగులో నడుం వంచితే మళ్ళీ ఎండ వాలేదాకా ఎత్తేది లేదు. మొగుళ్ళు కొండకింద గోతిలో తవ్విన కోబాల్ట్ రాయిని కడిగి బస్తాలకెత్తడం వాళ్ళ పని. అది ఎక్కడెక్కడికో పోయి ఫోన్ల బ్యాటరీల్లో చేరుతుంది. తవ్విన మనిషి బతికున్నంతకాలం అతని రాయి వెచ్చగా ఉంటుంది కాబట్టి, చలికాలమైనా వాగులో దిగడానికి ఆడవాళ్ళు పెద్దగా జంకరు.

"నా మొగుడి రాయి మీద చేతులు కాచుకోవే, నీ మొగుడిది ఉత్త గోరువెచ్చన," అని పెద్దకోడలు ఏడిపించేది.

"బావగారికి కోపమెక్కువ, అందుకే కాలుతుంది," అని చిన్నకోడలు మూతి తిప్పేది.

ఆరోజు కాళ్ళకింద నేల అదిరింది. కొండపక్కన దుమ్ము లేచింది. అన్నదమ్ములు దిగిన గొయ్యి కూలిపోయింది.

పెద్దకోడలు పరుగున వెళ్ళేసరికే గని మేస్త్రీ బుల్డోజర్‌ని పిలిపించాడు, పైన చదును చేయించెయ్యడానికి. ఫోన్ల కంపెనీ నుంచి ఒకావిడ తనిఖీకి వస్తోంది. ఇలాంటి గోతుల్లో మనుషుల్ని దించేచోట తాము సరుకు కొనమని ఆ కంపెనీ ఊరంతా చాటుకుంటుంది.

"లోపల మనుషులున్నారయ్యా!"

"ఇక్కడ గొయ్యే లేదు," అన్నాడు మేస్త్రీ. తర్వాత గొంతు తగ్గించాడు. "నువ్వు నోరు తెరిస్తే గని మూతపడుతుంది. ఇంతమంది నోటిదగ్గర కూడు నువ్వే లాగేసినట్టు. ఆలోచించుకో."

ఆమె వాగు దగ్గరికి పరిగెత్తింది. తట్టలో అన్నదమ్ముల రాళ్ళు కలిసే ఉన్నాయి. పెద్దపెద్ద పెళ్ళలు ఆమె మొగుడివి. ఒకటి తీసి చెంపకి ఆనించుకుంది. పొట్టకి అదుముకుంది. ఇంకోటి తీసింది. ఎంత అదుముకున్నా చల్లగానే ఉన్నాయి. మరిది కొట్టిన చిన్న ముక్కలు మాత్రం వెచ్చగా ఉన్నాయి.

"అక్కా, వెచ్చగా ఉన్నాయా?" చిన్నకోడలు ఒడ్డునే కూలబడిపోయి ఉంది.

"ఉన్నాయే."

"ఇద్దరివీనా?"

"ఉన్నాయంటున్నాగా. లే, తట్ట పట్టు."

వాళ్ళు వెళ్ళేసరికి కారు వచ్చి ఉంది. మేస్త్రీ అడ్డుపడేలోపే పెద్దకోడలు ఒక గుప్పెడు చిన్న ముక్కలు కంపెనీ ఆవిడ చేతిలో పోసింది.

"వీటిని తవ్వినవాడు ఈ మట్టికిందే ఉన్నాడమ్మా."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మా ఊళ్ళో ఫోన్లు చల్లబడితే ఎవరం పట్టించుకోం," అంది మెల్లగా. "పైన తొడుగు వేసుకుంటాం." మేస్త్రీ వైపు తిరిగింది. "ఆ బండి ఆపించండి. తవ్వించండి."

"తవ్వితే, రేపు మా దగ్గర సరుకు కొంటారా మేడం?" అన్నాడు మేస్త్రీ, అందరికీ వినపడేలా.

ఆవిడ తలదించుకుంది. "కొనం."

చుట్టూ మూగినవాళ్ళందరికీ ఇంట్లో పిల్లలున్నారు. ఎవరూ కదల్లేదు.

"అమ్మా, ఇవి చల్లబడుతున్నాయి," అంది కంపెనీ ఆవిడ.

పెద్దకోడలు మోకాళ్ళమీద పడి ఉత్త చేతులతోనే మట్టి లాగడం మొదలుపెట్టింది. చిన్నకోడలూ పక్కనే పడింది. గోళ్ళు చిట్లి మట్టి ఎర్రబడింది. కాసేపటికి వెనకనుంచి ఎవడో బూతులు తిట్టాడు, గనినో, దేవుణ్ణో. తిడుతూనే గునపం పట్టుకొచ్చి పెద్దకోడల్ని పక్కకి నెట్టి ఒక పోటు వేశాడు. ఆ తర్వాత అందరూ వచ్చారు.

మరిదిని బయటికి లాగేటప్పటికి మట్టిముద్దలా ఉన్నాడు. దగ్గాడు. చిన్నకోడలు అతని తల ఒళ్ళో పెట్టుకుని గొల్లుమంది. అతను కళ్ళు నులుముకుని వదిన కోసం వెతికాడు.

"అన్నయ్య వచ్చేశాడా వదినా? మట్టి కూలుతుంటే నన్ను వెనక్కి తోశాడు..."

చిన్నకోడలు చటుక్కున ఏడుపు ఆపి అక్క ముఖంలోకి చూసింది.

"ముందు నీళ్ళు తాగు," అంది పెద్దకోడలు చెంబు అతని నోటికి అందిస్తూ. "మాట్లాడకు. మెల్లగా తాగు."