దర్వాజ ఎత్తిన గోడ

గోదావరిఖనిలో ఓపెన్‌కాస్టు బొగ్గుగని మట్టిగుట్ట కింద ఒక వాడ ఉంది. ఆ వాడలో ఒక చర్చి ఉంది. దాని వెనక గోడను అమెరికావాళ్లు రెండేళ్లలో రెండుసార్లు కట్టారు. ఇప్పుడు మూడోసారి కట్టడానికి వస్తున్నారు.

గోడ పడిపోతే కట్టడం కాదు. వాళ్లు కట్టడానికి వస్తున్నారని పడగొట్టడం.

మొదటి ఏడు నిజంగానే చర్చి సగంలో ఉంది. ఒకే రంగు బనీన్లు వేసుకుని దొరలు, దొరసానులు వ్యాన్లు దిగారు. చేతులకు తొడుగులు వేసుకుని, వరుసగా నిలబడి, ఒక్కొక్క ఇటుకను చంటిపిల్లను అందించినట్టు అందించుకున్నారు. వరుస లేచినప్పుడల్లా పాట పాడారు. రోజూ ఇటుకలు మోసే ఆడవాళ్లు చెట్టు కింద కూర్చుని చూశారు. వాళ్లను ఫొటోలో పడకుండా కొంచెం అవతలికి జరగమన్నారు. మధ్యాహ్నం సైరన్ మోగి ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయింది. నేల అదిరింది. దొరలు మోకాళ్ల మీద పడి ప్రార్థన చేశారు. మనవాళ్లు దుమ్ము పడకుండా ఛాయ్ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

చర్చి పూర్తయింది. మరుసటి జనవరికి ఇంకో గుంపు వస్తామని ఫోన్ చేసింది. ఏం కడతామని అడిగారు. పాస్టర్ వీరేందర్ ఒక రాత్రి ఆలోచించి వెనక గోడ మిగిలిందని చెప్పాడు. పొద్దున మేస్త్రీ ముత్యంతో దాన్ని కూల్పించాడు. ముత్యానికి ఏం బాధ లేదు. కట్టినా కూలీ కూలీనే, కూల్చినా కూలీ కూలీనే.

సంఘంలో ఒకరిద్దరు గొణిగితే వీరేందర్ మెల్లగా నచ్చజెప్పాడు.

“చేతికి సిమెంటు అంటితెనే దొరలకు ఇది మా చర్చి అనిపిస్తది. అట్ల అనిపిస్తెనే యాడాదంత మనం వాళ్లకు యాదికుంటం.”

ఆ మాటలో అబద్ధం లేదు. ఆ ఏడే వీరేందర్‌కు బండి వచ్చింది.

వెనక గోడనే ఎందుకంటే దాని మీద చర్చి కప్పు బరువు లేదు. కప్పంతా పక్క గోడల మీద నిలబడింది. వెనక గోడ మోసేదల్లా సారవ్వ రేకులనే.

చర్చికి జాగా ఇచ్చింది సారవ్వ. మొగుడు బొగ్గుబాయిలో పనిచేసి చనిపోయాక, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఆ జాగాలోకి వచ్చింది. సగం దేవునికిచ్చింది. మిగిలిన సగంలో మూడు గోడలు పెట్టి, నాలుగోదానికి చర్చి వెనక గోడనే నమ్ముకుని రేకుల అర్ర వేసుకుంది. గోడ ఒక్కటే. ఇటు దేవుడు, అటు సారవ్వ.

కిందటేడు గోడ కూల్చినప్పుడు రేకులకు బాయిలో పెట్టినట్టు కట్టెల దిమ్మెలు పెట్టారు. నాలుగో దిక్కు పరదా కట్టారు. మాఘమాసం చలి, గుట్ట మీది దుమ్ము, వాడలోని కుక్కలు, అన్నీ ఆ పరదా కిందినుంచే వచ్చాయి. సారవ్వ అన్నం వండుకుంటే నల్లగా ఉండేది. అది కూడా దేవుని సేవే అనుకుని ఊరుకుంది.

ఈసారి ఊరుకునేట్టు లేదు. నస్పూర్‌లో ఇచ్చిన బిడ్డ సంతోషి తొలి కాన్పుకు వచ్చింది. నెలలు నిండాయి. దొరలు వచ్చే వారంలోనే పురుడు. పచ్చి బాలింతను, కళ్లు తెరవని పసిగుడ్డును పరదా చాటున ఎట్లా పడుకోబెట్టాలి?

సారవ్వ పోయి పాస్టర్‌ను అడిగింది. ఈ ఒక్క ఏడు గోడ జోలికి పోవద్దంది. వీరేందర్ బైబిలు మూసి, ప్రభువు పుట్టింది పశువుల పాకలో కదా అవ్వా అన్నాడు.

“పాకకు నాలుగు దిక్కుల గోడలున్నయో లేవో నువ్వు చూసినవా?” అంది సారవ్వ.

వీరేందర్ నవ్వి, మంచి పరదా తెప్పిస్తానని మాట ఇచ్చాడు. దొరలను తీసుకురావడానికి హైదరాబాదు పోయే తొందరలో ఉన్నాడు. సారవ్వ పోతూ పోతూ ఒక చిన్న మాట అడిగింది. బిడ్డ పడుకున్న కాడినుంచే వాక్యం వింటుంది, ఆ గోడకు ఒక దర్వాజ పెట్టుకోనా అని. ఎట్లాగూ కూలే గోడ, దర్వాజ పెట్టుకుంటే ఏం, కిటికీ పెట్టుకుంటే ఏం అనుకుని వీరేందర్ బండి మీదినుంచే తల ఊపాడు.

ఆయన అటు పోయాడు. సారవ్వ ఇటు దుకాణానికి పోయి పసుపు కొనుక్కొచ్చింది.

మా దిక్కు ఎన్ని గోడలు లేచినా అది ఇల్లు కాదు. దర్వాజ ఎత్తి నిలబెడితేనే ఇల్లు. కడప కింద నవధాన్యాలు వేస్తారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కడతారు. మేస్త్రీకి కొత్త తువ్వాల కప్పి, కడుపునిండా అన్నం పెడతారు. ఆ తర్వాత ఇంటివాళ్లే మొక్కి విప్పించాలి తప్ప ఇంకొకడు ఆ గోడకు గడ్డపార పెట్టకూడదు. పెట్టినవాని ఇల్లు నిలబడదంటారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఎవరూ తప్పరు.

అత్తగారి ఊళ్లో కూలిన ఇంటి దర్వాజ ఒకటి సారవ్వ మంచం కింద ఉంది. ముత్యం గోడకు సందు కొట్టి దాన్ని నిలబెట్టాడు. ముత్యం ఆదివారం చర్చికి పోతాడు, బోనాలకు పోచమ్మ దగ్గరికి పోతాడు. ఎవరినీ నొప్పించడు. తువ్వాల కప్పించుకుని, కోడికూరతో అన్నం తిని, చేతులు కడుక్కునేటప్పుడు అతనికి సంగతి అర్థమైంది. అప్పటికే తిన్నాడు.

వీరేందర్ దొరలను హోటల్లో దించి సాయంత్రం వాడకు వచ్చాడు. పొద్దున్నే వాళ్లు వస్తారు, గోడ తీసెయ్యమని ముత్యానికి చెప్పాడు. ముత్యం కొత్త తువ్వాల సర్దుకున్నాడు.

“నాతోని కాదు పాస్టరన్న. నేనే ఎత్తిన, నా చేతులతోని నేనే ఎట్ల తియ్యాలె?”

వీరేందర్ అడ్డా మీదినుంచి నలుగురు కూలీలను పట్టుకొచ్చాడు. వాళ్లు గడ్డపారలతో వచ్చి, దర్వాజకున్న పసుపు చూసి, గడ్డపారలు భుజాన వేసుకున్నారు. వచ్చిన దారి ఖర్చు, ఛాయ్ ఖర్చు అడిగి తీసుకుని పోయారు.

వాడంతా పోగైంది. వీరేందర్ అక్కడే చిన్న ప్రసంగం చేశాడు. సత్యదేవుని నమ్మినవాళ్లు పిడికెడు పసుపుకు భయపడతారా అన్నాడు. మీ విశ్వాసం ఇంతేనా అన్నాడు. అందరూ తలలు ఊపి ఆమేన్ అన్నారు. ఒక్కరూ కదల్లేదు.

వీరేందర్ చొక్కా చేతులు మడిచి, తనే గడ్డపార ఎత్తాడు. జనంలోంచి ఆయన భార్య సంధ్యారాణి ముందుకొచ్చింది. సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద ఆమె. మెల్లగానే అంది, కానీ అందరికీ వినబడింది.

“నీకు ఇద్దరు పిల్లలున్నరు. మతికుంచుకొని పెట్టు గడ్డపార.”

గడ్డపార కొంచెంసేపు గాల్లో ఉంది. లోపల సంతోషి మూలుగుతోంది. నొప్పులు మొదలయ్యాయి. వీరేందర్ గడ్డపార దించి గోడకు ఆనించాడు. నడుం పట్టిందని చెప్పి ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి సంతోషికి ఆడపిల్ల పుట్టింది. నాలుగు గోడల మధ్యనే పుట్టింది. ఆ వెనకే వ్యాన్లు వచ్చాయి.

దొరలు తొడుగులు వేసుకుని దిగి చర్చి చుట్టూ తిరిగారు. గోడలన్నీ ఉన్నాయి. వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. గుంపు పెద్ద డెనిస్ దొర. పొడుగ్గా, ఎర్రగా ఉంటాడు. ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి కంపెనీ ఇంజనీరు భార్య ప్రసూన టీచర్‌ను పిలిపించారు. ప్రభువు దయవల్ల గోడ ముందే పూర్తయిందని వీరేందర్ చెప్పుకున్నాడు.

డెనిస్ దొర సంచిలోంచి రెండు ఫొటోలు తీశాడు. ఒకటి మొదటి ఏడుది, ఇంకోటి కిందటేడుది. రెండింట్లోనూ వేరే వేరే దొరలు. గోడ మాత్రం అదే. ఫొటోలను చూశాడు, గోడను చూశాడు, దర్వాజ పసుపును చూశాడు. వీరేందర్‌ను చూశాడు. వీరేందర్ ఆకాశం చూశాడు.

దొరకు అంతా అర్థమైందని ప్రసూన టీచర్‌కు కూడా అర్థమైంది. ఇక తిట్టిపోస్తాడనుకున్నారు. దొర ఫొటోలు సంచిలో పెట్టుకుని నెమ్మదిగా ఏదో అడిగాడు.

“ఇంత దూరం వచ్చాం, మాకు కూడా ఒక గోడ చూపించండి అంటున్నారండీ,” అంది ప్రసూన.

అప్పుడు సారవ్వ వేడినీళ్ల కుండతో బయటికి వచ్చింది. పాస్టర్‌ను కాదు, నేరుగా ప్రసూననే చూసి చెప్పింది.

“లెట్రిన్ లేదు. బాలింత గుట్ట వెనకకు పోవాలె. అది కట్టమను బిడ్డా.”

ప్రసూన టీచర్ ఇబ్బందిగా నవ్వింది. ఆ మాట చెప్పలేను మామ్మగారూ అంది. చెప్పకపోతే వాళ్లు ఊరికే పోతారు, నీ ఇష్టం అంది సారవ్వ. ప్రసూన చెప్పింది. దొరల ముఖాలు వెలిగాయి. వరుస కట్టారు, ఇటుకలు అందించుకున్నారు, వరుస లేచినప్పుడల్లా పాట పాడారు. లెట్రిన్‌కు అంత పాట మన దేశంలో ఎవరూ పాడి ఉండరు.

వీరేందర్‌కు ఒక చిక్కు వచ్చింది. అమెరికాలో ఉన్న పెద్ద దొరలకు లెట్రిన్ ఫొటో ఎట్లా పంపాలి? బేసిన్ బిగించకముందే ఫొటో దిగుదామని తొందరపెట్టాడు. ముందు గోడ మీద తెల్ల రంగుతో సిలువ వేయించాడు. ఏకాంత ప్రార్థన గది అని చెక్కించిన రాతిపలక బిగించారు. డెనిస్ దొర దాని ముందు నిలబడి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. కళ్లు మూసుకోవడంలో ఆయనకు మంచి అలవాటు ఉంది.

వాళ్లు పోయాక ముత్యం బేసిన్ పెట్టి తలుపు బిగించాడు. సామాను సర్దుకుంటుంటే సారవ్వ పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. లెట్రిన్ దర్వాజకు పైనుంచి కిందిదాకా నిండుగా పూసి, బొట్లు పెట్టింది. మామిడాకులు కూడా తెచ్చింది.

“లెట్రిన్‌కు పసుపేంది అవ్వా? లోకంల ఎవరన్న పెట్టిన్రా?”

“ఎవలు పెడ్తరురా,” అంది సారవ్వ, ఆకులు కడుతూనే. “మల్ల జనవరి రాదా?”

చర్చి ముందు బండి ఆపి వీరేందర్ అటే చూస్తున్నాడు. ముత్యం ఒకసారి ఆయన్ను చూసి, తన తువ్వాల దులిపి, అన్నం పెడతావా అవ్వా అని అడిగాడు.